తెల్ల పళ్లెం కనిపించని లోతు

మొన్న గిన్నెలు తోముతుంటే తెల్ల పింగాణి పళ్లెం ఒకటి నా చేతిలోంచి జారి, మాడిన గిన్నెలు నానేసిన టబ్బులో పడింది. మసి నీళ్లు. జానెడు లోతుకు పోగానే పళ్లెం కనిపించకుండా పోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "టబ్బుల మొసలేమన్న ఉన్నదా?" అని మా ఆవిడ అడిగింది. లేదనే చెప్పాను. చెయ్యి మాత్రం వెంటనే పెట్టలేదు. నీళ్ల అడుగు కనిపించకపోతే నాకు భయం. అది పుట్టుకతో వచ్చింది కాదు, రూతమ్మ మేడం నేర్పింది. కాలేజీ మెట్లెక్కి నేర్చుకున్నవాటిలో ఇంతకాలం మన్నింది అదొక్కటే.

ఎనభైల్లో మంథనిలోని ఒక చిన్న కాలేజీలో ఆమె జువాలజీ లెక్చరర్. నేను అప్పుడే డిగ్రీ ముగించి ఆమె కింద ల్యాబ్ చూసుకునే పనిలో చేరాను. ల్యాబ్ అంటే రెండు బల్లలు, సీసాలో ఒక పాము, ఇంకో సీసాలో పాము అని అందరూ నమ్మే ఒక వస్తువు. మేడం వాళ్లది ఈ వైపు మిషన్ చర్చి కుటుంబమే. ఎక్కడో సముద్రపు ఒడ్డున ఎమ్మెస్సీ చదివి, దానికి ఎంత దూరంగా ఉద్యోగం దొరుకుతుందో అంత దూరంగా వచ్చి పడింది. పిల్లలు ఆమెను సముద్రం మేడం అనేవారు. వాళ్లలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. నేనూ చూడలేదు.

సముద్రపు పొరలు చెప్పే రోజు ఆమె బోర్డు జోలికి పోయేది కాదు. ముందు గది కిటికీలన్నీ తెరిపించేది. "గిది పైపొర. ఎండ పడుతది, నాచు బతుకుతది, దాన్ని తిని చాపలు బతుకుతయి. మనం సముద్రమనుకునేది గింతే." తర్వాత నన్ను సగం కిటికీలు మూయమనేది. "రెండు వందల మీటర్లు దాటినం. మసక పొర. గీడ నాచు బతకది. ఉన్నవాటికి కండ్లు గింతింత పెద్దయి." చివరికి తలుపుతో సహా అన్నీ మూసేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో పక్కవాడి మొహం కనిపించేది కాదు. "ఇగ కిందంత గిదే. సూర్యుడు పుట్టినప్పటి సంది గీడికి రాలే." ఎవరో నవ్వేవారు. ఆ చీకట్లో నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

అప్పుడు పిల్లల నెత్తిన ఏదో సన్నగా రాలేది. ఆడపిల్లలు కెవ్వుమనేవారు. మగపిల్లలు కూడా, దాదాపు అదే గొంతుతో.

"ఏం రాలుతున్నది?"

"తెల్వది మేడం!"

"నోరు తెరువుండ్రి. పైన సచ్చినయి, కుళ్లినయి గిట్లనే రాలుతయి. గీడున్నోళ్లకు గదే బువ్వ. ఏమొస్తే అది తినాలె. అడిగెటందుకు లేదు, చూసెటందుకు లేదు."

కిటికీలు తెరిస్తే అందరి నెత్తినా సుద్దపొడి. "ఇయ్యాల సుద్ద," అనేది ఆమె. "రేపు మన బొగ్గుమసి, మన పత్తిచేన్ల మందు. వాగుల పడి, గోదాట్ల కలిసి గా సముద్రం అడుగుదాక పోతది. పోసినోడు మర్చిపోతడు. తిన్నోడికి తెల్వనే తెల్వది." మొదటిసారి విన్న రోజు నేను దీపం కింద కూర్చుని, ప్రతి ముద్దనూ తిప్పి చూసి తిన్నాను. వంటలో ఏం తప్పు జరిగిందోనని మా అవ్వ పరేషానయింది.

ఎండలు మొదలయ్యేసరికి గోదావరి ఇసుకలో పాయలుగా విడిపోతుంది. ఊరి కింద ఒక మడుగు మాత్రం నిండుగా ఉండేది. మేడం ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకుపోయేది. తాడుకు తెల్ల పళ్లెం కట్టి, దాని కింద రాయి వేలాడదీసి, ఛాతీలోతు నీళ్లలో నిలబడి ముందున్న లోతులోకి దించేది. వెలుతురు ఎంతదాకా పోతుందో తెలుసుకునే మోటు లెక్క అది. సముద్రంలోనూ ఇలాగే చూస్తారట. నేను చేరిన ఏడాది పళ్లెం రెండు బారల దాకా కనిపించింది. మరుసటేడు బారెడు కూడా దిగకముందే మాయమైంది. పైనుంచి బొగ్గుబాయిల నల్లనీళ్లు వచ్చి కలుస్తున్నాయి. "చీకటి పైకొస్తున్నది తమ్మీ," అంది మేడం, ఒడ్డునున్న నా వైపు తాడు కొస విసురుతూ. 

సరిగ్గా అప్పుడే మడుగు అవతలి కొసన, రాతి మీద మా బావ కనిపించాడు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని ఆయనది. కూతురి తొట్టెల వేడుకకు మా ఇంటికి వచ్చాడు. చుట్టాలందరికీ చేపల కూర పెడతానని పొద్దున్నే మాటిచ్చాడు. వల వేయడం రాదు కనుక పేలుడు తూట తెచ్చాడు. ఎక్కడి నుంచని అడగకపోవడం మా ఇంటి మర్యాద. నీళ్లలో తూట పేలితే చేపలు తేలుతాయి. తేలినవి ఏరుకుంటారు. పొట్ట పగిలి అడుక్కు పోయేవే ఎక్కువని మేడం చెప్పేది. వాటిని ఎవరూ చూడరు.

ఆయన నోట్లోని బీడీ తీసి వత్తికి ఆనించాడు. రాళ్ల చాటున మేడం ఆయనకు కనిపించడం లేదు. నేను అరిచాను. అంటే నోరు తెరిచాను. రెండోసారికి గొంతు వచ్చింది. "బావా! వద్దు!"

బావ నవ్వుతూ చెయ్యి ఊపాడు. "ఆగురా బామ్మర్దీ! పెద్ద చాపనే పడుతది!"

మేడం తిరిగి చూసింది. పొగ చూసింది. ఒడ్డుకు వస్తుందనుకున్నాను. ఆమె పళ్లేన్ని గబగబా పైకి లాగి, నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, రాళ్ల చాటు దాటి లోపలికి ఇంకో అడుగు వేసింది. తడి పళ్లెం ఎండకు తళుక్కుమంది. బావ మొహంలో నవ్వు పోయింది. చేతిలో వత్తి కాలుతోంది. ఆయన గిర్రున వెనక్కి తిరిగి తూటను ఇసుక దిబ్బ అవతలికి విసిరి బోర్లా పడ్డాడు.

మా నెత్తిన ఇసుక రాలింది. ఈసారి ఎవరూ కెవ్వుమనలేదు.

బావ పరుగెత్తుకొచ్చాడు. ఒక చెవి వినిపించడం లేదేమో, గట్టిగా అరుస్తున్నాడు. "నీకేమన్న పిచ్చా మేడం? తూట నీళ్లల్ల పడితే సస్తువు గద!"

"నేను సస్తనని ఎరికె గద నీకు," అంది మేడం. "అడుగున్నయి సస్తయని గూడ ఎరికె. అవి పళ్లెం ఎత్తి చూపియ్యలేవు, గంతే ఫరక్."

 ఆమె ఇంకా నీళ్లలోనే ఉంది. "తమ్మీ, జర చెయ్యియ్యి," అంది నెమ్మదిగా. "కాళ్లు కదుల్తలేవు. నాకు ఈత రాదు." నేను దిగి చెయ్యి పట్టుకున్నాను.   నాకూ ఈత రాదు.

తొట్టెలకు చుట్టాలందరూ ఆలుగడ్డ కూర తిన్నారు. బావ మళ్లీ తూట ముట్టలేదు. ఆ చెవి మాత్రం తిరిగి రాలేదు.

మేడం రిటైరై వెళ్లిపోయిన చాలా ఏళ్లకు నేను సముద్రం చూశాను. మోకాలి లోతు దాటలేదు. నీలంగా, శుభ్రంగా ఉంది. అంత అందంగా ఉండటమే నన్ను భయపెట్టింది. మేడం తెరిపించిన కిటికీలు గుర్తొచ్చాయి. నేను చూస్తున్నది ఆ ఒక్క పొరే.

మొన్న టబ్బులో చివరికి చెయ్యి పెట్టి పళ్లెం తీశాను. మసి నీళ్లు పారబోయడానికి టబ్బెత్తి మోరీ దగ్గర నిలబడ్డాను. "పొయ్యరాదు, ఏం చూస్తున్నవ్?" అంది మా ఆవిడ. పోశాను. ఇంకెక్కడ పోయను? గుడగుడమంటూ నీళ్లు చీకట్లోకి దిగుతుంటే, అడుగున ఎవరో నోరు తెరిచి ఉన్నట్టే అనిపించింది.