నాయన సంతకం

నా కూతురి స్కూలు డైరీలో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ధర్మవరంలో మా నాయన పట్టునూలుకు రంగులద్దేవాడు. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా నేను చదివిన ఇంగ్లీషు బడిలో డైరీకీ, మార్కుల కార్డుకీ ఆయన సంతకం కావాలి. నాలుగో తరగతిలో ఒకరోజు సంతకం పక్కన ఎర్రటి వేలిముద్ర పడితే, మిస్ దాని చుట్టూ సున్నా చుట్టి ‘శుభ్రత నేర్పండి’ అని రాసింది. నాయన చేతులు మురికివని నమ్మాను. ఆ రోజు నుంచి ఆయన సంతకం నేనే పెట్టాను.

పది పాసయ్యాక టీసీ కోసం నాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, రిజిస్టరులో సంతకం చేశాడు. గుమాస్తా దాన్ని నా మార్కుల కార్డులతో పోల్చి చూశాడు.

“ఇది నీ సంతకం కాదప్పా. కలవడంల్యా.”

నేను తల దించుకున్నాను. నాయనకు అర్థమైంది. నన్ను వరండాలోకి తీసుకుపోయి, జేబులోంచి కాగితం తీశాడు.

“నువ్వు ఎట్ల పెడ్తాండావో ఈడ రాసి చూపియ్యి పాపా.”

నేను రాసిన సంతకాన్ని చూసి చూసి, దాని కింద అలాగే దించుకున్నాడు. లోపలికి పోయి, ఎర్రబారిన వేళ్ళు కాగితానికి తగలకుండా ఎత్తిపట్టి, మళ్ళీ సంతకం పెట్టాడు.

“మొదట్నే నీ సంతకం పెట్టింటే అయిపోయేది గదప్పా,” అన్నాడు గుమాస్తా.

నాయన తలూపాడు.