అత్త ఎంచుకున్న నల్ల చెక్క నేల

పోయిన నెల పలమనేరులో మా మేనత్త కాలం చేసింది. పొద్దున కాఫీ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందని మా నాయన ఫోన్ చేసి చెప్పాడు. చూడవచ్చినవాళ్లంతా బంగారంలాంటి మనిషి, నోరు తెరిచి ఒక్కటీ అడిగి ఎరగదన్నారు. అది అబద్ధం. ఆమె ఒకటి అడిగింది.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు మామ హాలు నుంచి వంటగది దాకా తెల్ల పాలరాయి వేయించాడు. పలమనేరు చలికి ఆ రాయి మీద అడుగు పెడితే అత్తకు మోకాళ్లు పట్టేసేవి. తన గదికి మాత్రం చెక్క నేల కావాలంది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి మామ విసుక్కుని, నీ గదిలో ఏమన్నా ఏసుకో, నన్నడగొద్దు అన్నాడు. దానికే పొంగిపోయింది పిచ్చి తల్లి.

బెంగళూరు అంగడికి నన్ను తోడు తీసుకెళ్లింది. పొరలు పొరలుగా అతికించి, పైన అసలు కొయ్య వేసిన పలకలవి. అంగడతను లేత రంగువి పొగుడుతూ ఉంటే ఈమె చెప్పులు విడిచి, ఒక్కో పలక మీదా నిలబడి కళ్లు మూసుకుంది. ఆఖరికి వేయించిన కాఫీ గింజ రంగుది చూపించింది. నలుపు మీద దుమ్మంతా కనిపిస్తుందేమోనని నసిగాను.

"కనపడితేనే గదా పాపా తుడిసేది. తెల్ల రాయి మీద దాంకుంటాది" అంది.

నీళ్లు పోయకూడదు, గట్టిగా పిండిన గుడ్డతోనే తుడవాలని అంగడతను చెప్పిన మాట ఆమెకు వేదమైంది. పనిమనిషిని కూడా రానివ్వకుండా తానే తుడుచుకునేది. చుట్టాలు వచ్చి మడమలతో తట్టి చూసి, నాటకాల స్టేజీ మాదిరి ఉందని వెక్కిరించి పోయేవాళ్లు. కాలేజీ సెలవులకి వెళ్తే ఇద్దరం చాప కూడా లేకుండా ఆ నేల మీదే పడుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఊరికే తలకాయ ఊపొద్దు పాపా, నీకేం కావల్నో నువ్వే నిలబడి సూసుకోవల్ల అనేది. భయం లేకుండా మాట్లాడటం నాకు వచ్చిందంటే ఆమె చలవే.

ఆమె పోయిన రోజు, చెక్క మీద పడుకోబెడితే నేల మీద పెట్టినట్టు కాదని పెద్దలు తేల్చారు. హాల్లో ఆ చల్లటి రాయి మీదే పడుకోబెట్టారు. మగవాళ్లు శవాన్ని తీసుకెళ్లగానే ఆడవాళ్లు ఇల్లు కడగడం మొదలుపెట్టారు. నేను అత్త గది గుమ్మంలో అడ్డం నిలబడి, ఇక్కడ వద్దు, తడిగుడ్డ నేనే పెడతానని బతిమాలాను.

"ఒక గది ఇడిసిపెడితే ఇల్లు కడిగినట్టు యాడైతాది మే?" అని మామ చెల్లెలు నన్ను పక్కకు నెట్టి బిందె వంచింది. బిందె తర్వాత బిందె. నీళ్లన్నీ పలకల సందుల్లోకి ఇంకిపోయాయి.

కర్మాంతరానికి వెళ్లేసరికి పలకలు ఉబ్బి అంచులు పైకి లేచి ఉన్నాయి. మామ వచ్చినవాళ్లందరికీ ఆ గది చూపిస్తున్నాడు.

"కొయ్య నేల నిలవదని నేను అప్పుడే చెప్తి. ఇనిందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని, కనీసం ఆ తలుపైనా మూసేద్దామని పట్టుకుని లాగాను. ఉబ్బిన నేలకు తగిలి తలుపు సగంలోనే ఆగిపోయింది.