మునెమ్మ చేతి ముద్ద

2004. కోలారు బంగారు గనులు మూతపడి మూడేళ్లయింది. ఊరిగాంలో పాత కంపెనీ ఇళ్ల మధ్య ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో నేను ఎల్.కె.జి. టీచర్ని. మగవాళ్లు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవారు. చాలామంది పిల్లలను బడికి తెచ్చేది అవ్వలే. ఇంగ్లీషు వస్తే పిల్లలైనా బాగుపడతారని అందరి ఆశ. మా బడి నడిచేదే ఆ ఆశ మీద.

చిన్న క్లాసుల్లో ‘థీమ్ వీక్’ అని ఉంటుంది. వారమంతా ఒకే విషయం మీద పాటలు, ఆటలు, బొమ్మలు. ఆ వారం విషయం ‘గుడ్ హ్యాబిట్స్’. గోడమీది చార్టులో మూడో బొమ్మ, అన్నం బాగా నమిలి తినాలని. మధ్యాహ్నం డబ్బాలు తెరిచాక పిల్లల మధ్య తిరుగుతున్నాను. రత్న అనే నాలుగేళ్ల పాప రాగిముద్దను చిన్న ఉండలుగా తుంచి, పులుసులో ముంచి గుటుక్కున మింగుతోంది.

ముద్దను నమలరు, మింగుతారు. కోలారు జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లోనూ ముద్దే, నేనూ మింగేదాన్నే. కానీ బడి గేటు దాటితే నేను ఇంగ్లీషు మిస్‌ని కదా. “నో రత్నా, బ్యాడ్ హ్యాబిట్. నమిలి చూపించు” అన్నాను. పాప నమిలింది. ముద్ద పళ్లకు అంటుకుపోయి, ఉక్కిరిబిక్కిరై కక్కేసింది. పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం ముద్ద పంపవద్దని పాప స్కూల్ డైరీలో రాశాను. మర్నాటి నుంచి డబ్బాలో బన్ను వచ్చింది. నా మాట నెగ్గిందని సంతోషపడ్డాను కూడా.

పది రోజులకు రత్న అవ్వ మునెమ్మ క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. తల్లి కాన్పులో పోతే పాపను పెంచింది ఆమే.

“అమ్మా, పాప ఇంట్లో గూడా నా చేతి ముద్ద ముట్టేది లేదు. మిస్సు తప్పనింది అంటాది. నేనేం తప్పు చేసినానమ్మా?”

“స్కూల్లో మాత్రమే వద్దన్నానవ్వా.”

“అంతంత బిడ్డకి స్కూలు వేరే, ఇల్లు వేరే అని యాడ తెలస్తాది? ఇంగ, వాళ్లమ్మ పోయినప్పటినించి ఈ చేత్తోనే తినిపించినాను.”

ఆమె ఆ చేతిని కొంగులో దాచుకుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు నేనే ముద్ద తీసుకెళ్లి పిల్లల మధ్య కూర్చుని మింగాను. “మిస్, మాకు” అంటూ నలుగురు చేతులు చాపారు. రత్న మాత్రం చార్టు చూపించి, “బ్యాడ్ హ్యాబిట్, మిస్” అంది. నేను నేర్పినట్టే, స్పష్టంగా. అప్పటికప్పుడు చార్టు పీకేశాను. మునెమ్మను క్లాసుకు వచ్చి పిల్లలందరికీ తన చేత్తో తినిపించమని అడిగాను.

“ఈ జరం తగ్గనీ, వస్తానమ్మా” అంది.

రాలేదు. ఆ నెలలోనే జబ్బు ముదిరి చనిపోయింది.

కర్మలన్నీ అయ్యాక రత్న తండ్రి పాపను దింపడానికి వచ్చాడు. నన్ను నిందించే ఉద్దేశమేమీ లేకుండానే చెప్పాడు.

“కడాకు, పొయ్యే ముందర, మా యమ్మ రవ్వంత ముద్ద చేతిలో పట్టుకోని, తినమ్మా అని అడిగింది మేడం. పాప మొగం తిప్పుకునింది.”

ఆ రోజు నేను పాఠం చెప్పలేకపోయాను. ఆయాను క్లాసులో కూర్చోబెట్టి వెళ్లి ఏడ్చాను.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. కొత్తగా చేరిన ప్రతి బిడ్డ ఇంటికీ జూన్‌లోనే వెళ్తాను. పెట్టింది తింటాను. ఆ ఇంట్లో ఏది ఎలా చేస్తారో చూశాకే క్లాసులో నోరు తెరుస్తాను. ఇదంతా ఏదో ట్రైనింగ్‌లో నేర్చుకున్నానని కొత్త టీచర్లు అనుకుంటారు. నాలుగేళ్ల బిడ్డ ఇంట్లోవాళ్ల కన్నా టీచర్‌నే ఎక్కువగా నమ్ముతుంది. రత్న కూడా నన్ను నమ్మింది. అందుకే వాళ్లవ్వ చివరిసారి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.