ఇద్దరూ దాచిన దెబ్బ

సత్యదుర్గ వాళ్ళది కోనసీమ. తను పుట్టింది మాత్రం కువైట్‌లోనే. నాన్న బస్సు డ్రైవరు, అమ్మ సూరాయమ్మ సాల్మియాలో ఇంట్లోనే బట్టలు కుడుతుంది. స్కూల్లో ఉండగా స్నేహితురాలి పుట్టినరోజుకని మొదటిసారి ఐస్ రింకుకు వెళ్ళింది. మిగతా పిల్లలు కేకు తినడానికి పోయినా తను మాత్రం గోడ పట్టుకుని జారుతూ, పడుతూ, లేస్తూ అక్కడే ఉండిపోయింది. కాలేజీలో ఆడపిల్లల ఐస్ హాకీ జట్టు కడుతున్నారనగానే అందరికన్నా ముందు వెళ్ళి నిలబడింది.

"ఇంత ఎండలో సంచీలో స్వెట్టరేసుకుని తిరిగే పిల్లని నేనెక్కడా చూళ్ళేదు" అనేది సూరాయమ్మ.

జట్టులో తెలుగొచ్చిన పిల్ల ఇంకొకతే, షాహజాది. వాళ్ళది రాయచోటి. దుర్గ గోలు దగ్గర అడ్డుకునే మనిషి. షాహజాది దూసుకెళ్ళి గోలు కొట్టే మనిషి. ఎదుటివాళ్ళకు అర్థం కాకుండా మంచు మీద తెలుగులో కేకలేసుకోవడం ఇద్దరికీ భలే సరదా.

ఇంకో కాలేజీతో మొదటి మ్యాచ్ దగ్గరపడింది. ఒక సాయంత్రం ప్రాక్టీసులో పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, గోడవారగా జారిపోతుంటే ఇద్దరూ చెరోవైపు నుంచి తలలు దించుకుని దూసుకొచ్చారు. హెల్మెట్లు ఠప్పున తగిలాయి. షాహజాది వెల్లకిలా పడింది. దుర్గ గోడకు గుద్దుకుని చతికిలబడింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వేశారు. కోచ్ నూరా పరిగెత్తుకొచ్చి బాగానే ఉన్నారా అనడిగితే ఇద్దరూ బొటనవేళ్ళు పైకెత్తారు.

బట్టలు మార్చుకునే గదిలో దుర్గకు బూటు లేసు ఎటు లాగాలో తోచలేదు. పక్కకు చూస్తే షాహజాది తువ్వాలు మొహమ్మీద కప్పుకుని కూర్చుంది.

"ఏటే, నీకూ తల తిరుగుతోందా?"

"తిరగడం కాదు మే, ఆ లైటు చూస్తే కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుండాది. నీకు?"

"చెవుల్లో తేనెటీగలు దూరినట్టుంది."

"కోచ్‌కు చెప్తామా?"

"చెప్తే మ్యాచ్ ఆడనిత్తారా? అసలే బొటాబొటీగా ఉన్నాం. ఇంట్లో తెలిత్తే స్కేట్లే దాచేత్తారు."

షాహజాది తువ్వాలు పక్కన పడేసి, "సరే. నేను చెప్పను, నువ్వూ చెప్పగాకు" అంది.

దాచడం అయితే దాచారు గానీ, దెబ్బ ఊరుకోలేదు. దుర్గ పప్పులో ఉప్పుకు బదులు పంచదార వేసింది. క్లాసులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని లెక్చరర్‌తో చీవాట్లు తింది. షాహజాది తన బస్సు వదిలేసి వేరే బస్సెక్కి ఎక్కడో మహబూలాలో తేలింది. ఇంట్లో దుర్గ కర్టెన్లు మూసి పడుకోవడం, అన్నం సగంలో వదిలేయడం, పిలిస్తే పలకకపోవడం గమనించిన సూరాయమ్మ తనకు తోచిన నిర్ణయానికి వచ్చేసింది.

"నిజం చెప్పవే. ఎవడాడు?"

"ఎవడూ లేడమ్మా."

"ఎవడూ లేకపోతే పప్పులో పంచదారెందుకేత్తావు?"

తర్వాతి ప్రాక్టీసులో షాహజాదికి పక్ దొరికింది. ముందు ఎవరూ లేరు. ఆమె ఆగింది. అటున్న గోలు చూసింది, ఇటున్న గోలు చూసింది. నెమ్మదిగా తిరిగి సొంత గోలు వైపే కొట్టింది. అందరూ గొల్లున నవ్వారు. దుర్గకు మాత్రం నవ్వు రాలేదు. షాహజాది కళ్ళలో వేళాకోళం లేదు, ఎక్కడున్నానా అన్న వెతుకులాట ఉంది. దుర్గ నేరుగా కోచ్ దగ్గరకెళ్ళి, మొన్న పడ్డప్పటి నుంచీ షాహజాదికి తల బాగోలేదని చెప్పేసింది. తన సంగతి మాత్రం ఎత్తలేదు.

"ఖలాస్, ఇక చాలు, బయటికి రా" అని కోచ్ షాహజాదిని బెంచీ మీద కూర్చోబెట్టింది. చెప్పిందెవరో షాహజాదికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, కోచ్‌కు అర్థమయ్యేలా ఇంగ్లీషులో, దుర్గ చెవుల్లో తేనెటీగలున్నాయని చెప్పింది. ఆ తర్వాత తెలుగులోకి దిగింది.

"నన్నొక్కదాన్నే కూర్చోబెడదామనుకుంటివా? రా, కూర్చో."

ఇద్దర్నీ చూసిన డాక్టర్ ఉమ హైదరాబాదావిడ.

"రక్తం రాలేదు కదండీ, ఏం కాలేదనుకున్నాం" అంది దుర్గ.

"రక్తం వస్తే నేనే చూస్తాను కదమ్మా. ఇది లోపల మెదడుకు తగిలిన కుదుపు. మీరు నోరు విప్పితేనే మాకు తెలిసేది. ఇది తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలుంటే చాలా ప్రమాదమయ్యేది."

ముందు విశ్రాంతి, తర్వాత నడక, ఆ తర్వాత ఒంటరిగా స్కేటింగ్, వీటిల్లో దేనికీ తల నొప్పి పెట్టకుండా ఉంటేనే ఆట అని చెప్పి పంపింది.

సూరాయమ్మ విషయం విని కుట్టుమిషను ఆపేసింది. "ప్రేమైనా బాగుండేదే. బుర్రకి దెబ్బ తగిలితే అమ్మకి చెప్పవా?" అని కళ్ళొత్తుకుంది. స్కేట్లు మాత్రం దాచలేదు.

మ్యాచ్ రోజు కూతురు ఆడట్లేదన్న ధైర్యంతో ఆవిడ మొదటిసారి రింకుకు వచ్చింది. రెండు శాలువాలు కప్పుకుని, జంతికల డబ్బాతో, ఎడమొహం పెడమొహంగా కూర్చున్న దుర్గ, షాహజాదిల మధ్య సర్దుకుంది. ఆ పిల్లనెందుకు బయటికి పంపారు, ఇందాకటిది గోలెందుకు కాదు అంటూ ప్రశ్నలు మొదలెట్టింది. దుర్గ ఒక చెవిలో జవాబు చెప్తే, అది తప్పని షాహజాది రెండో చెవిలో చెప్పింది. కాసేపటికి ఇద్దరూ ఆవిడ మీదుగా వంగి వాదించుకుంటున్నారు. జట్టు చిత్తుగా ఓడింది.

దుర్గ త్వరగానే కోలుకుంది. షాహజాదికి చాలా వారాలు పట్టింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుతున్నాయంటే, దుర్గ వాళ్ళింటికెళ్ళి మసక గదిలో పాఠాలు కొద్దికొద్దిగా చదివి వినిపించేది.

"ఆ రోజు నీ మీద చానా కోపమొచ్చింది మే. కానీ గోలెటుందో తెలీనప్పుడు భయమేసింది. ఎవరితో చెప్పాలో తెలీలేదు" అంది షాహజాది ఒకసారి.

"నాకూ అంతే" అంది దుర్గ.

మరుసటి ఏడాది ఇద్దరూ మళ్ళీ ఆటలో దిగారు. ఒక మ్యాచ్‌లో దుర్గ తల వెనకవైపు మంచుకు తగిలేలా పడింది. లేచింది. ఆట ఇంకా నడుస్తోంది. ఎవరూ అడగలేదు, తనే బెంచీ దగ్గరికి జారుకుంటూ వచ్చి, "కోచ్, తల బరువుగా ఉంది" అంది. కోచ్ తలాడించి ఇంకో అమ్మాయిని పంపింది. దుర్గ చలికోటు వేసుకుని కూర్చుని, షాహజాది కోసం తెలుగులో గట్టిగా అరవడం మొదలెట్టింది.