చర్చి అలమరలో మూడు పెట్టెలు

వర్జీనియాలోని షాంటిలీలో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక పాత నల్లజాతి సంఘం చర్చిని అద్దెకి తీసుకునేవాళ్ళం. వాళ్ళ ఆరాధన ఒంటిగంటన్నరకి ముగియాలి. ఎప్పుడూ ముగిసేది కాదు. మేం బిర్యానీ గిన్నెలు పట్టుకుని పార్కింగ్ లాట్‌లో నిలబడేవాళ్ళం.

అప్పటికి నేను అమెరికా వచ్చి ఏడాదిన్నర. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఎవరైనా పలకరిస్తే జవాబు మనసులో తయారయ్యేసరికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. అందుకని చర్చిలో ఏదో ఒక పని అందుకునేదాన్ని. పనిలో ఉన్న మనిషిని ఎవరూ మాట్లాడించరు.

రెండువేల తొమ్మిది క్రిస్మస్‌కి ముందు, పిల్లల నాటకం బట్టలు పెట్టుకోవడానికి కింది హాల్లో అలమర ఖాళీ చేయమన్నారు మా పాస్టరమ్మగారు. పై అరలో మూడు అట్టపెట్టెలు. వాటినిండా సన్నటి పుస్తకాలు. ప్రతిదాని మీదా ఒక ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆ చర్చిలో ఎవరైనా చనిపోతే సమాధి కార్యక్రమం రోజున పంచేవి.

"అన్నీ చావు కాగితాలేనమ్మా," అన్నారు పాస్టరమ్మగారు. "పిల్లలు తిరిగే చోట ఇవెందుకు? రీసైక్లింగ్‌లో పడేసిరా."

మా వైపు చావు కబురు కార్డు వస్తే చదివి, చించి, బయట పారేస్తారు. ప్రార్థన చేసుకునే మా ఇళ్ళల్లో కూడా ఆ పట్టింపు పోలేదు.

"వాళ్ళని అడగాలేమో," అన్నాను.

"ఎవర్ని అడుగుతావే, ఫోటోల్లో వాళ్ళనా?" అంది పక్కనున్న ఆంటీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బయట బిన్ దగ్గర నిలబడి ఒకటి తెరిచాను. బట్టలు ఉతికి బతికిన ఒకావిడ. ఆవిడ నాయనమ్మని బానిసగా ఏ ఊళ్ళో అమ్మారో, విడుదలయ్యాక ఎక్కణ్ణుంచి నడిచొచ్చి ఇక్కడ ఆగిందో, పిల్లలెందరో, ఎవరు ఏ పని చేశారో అంతా రెండు పేజీల్లో ఉంది. నవల చదివినట్టు చదివాను. చదివి, మళ్ళీ పెట్టెలో పెట్టి, మూడు పెట్టెలూ బిన్‌లో వేశాను.

ఆ పుస్తకాలు కూడబెట్టింది ఆ చర్చిలో అందరూ మదర్ అని పిలిచే ఒక పెద్దావిడ. నల్లవాళ్ళ చరిత్ర నెల అని ప్రతి ఫిబ్రవరిలో వాటిని హాలు గోడలకి పెట్టి, పిల్లలకి ఒక్కొక్కరి గురించీ చెప్పేవారట. వాళ్ళ పాతతరాల వాళ్ళు ఏ ఊరివాళ్ళో, ఎవరి బిడ్డలో కోర్టు రిజిస్టర్లలో లేదు. ఆ పెట్టెల్లోనే ఉంది.

ఆవిడ వెతకడం నేను మూడు ఆదివారాలు చూశాను. పాస్టరమ్మగారు "ఎవరో క్లీన్ చేసినట్టున్నారు" అన్నారు. నాలుగో ఆదివారం ఆవిడ ఆ వయసులో స్టూల్ ఎక్కి పై అరలు తడుముతున్నారు.

"మేడమ్, దిగండి. నేనే పడేశాను," అన్నాను.

ఆవిడ దిగి, ఆ స్టూల్ మీదే కూర్చున్నారు.

"అన్నీనా?"

"అన్నీ."

"తెరిచైనా చూశావా?"

"ఒకటి చదివాను."

"చదివి కూడా పడేశావా, బేబీ?"

నేను అలమర తలుపు మూశాను. ఆవిడ, "శనివారాలు ఏం చేస్తుంటావ్?" అని అడిగారు.

అలా మొదలైంది. ప్రతి శనివారం ఆవిడ కార్‌లో ఇంటింటికీ వెళ్ళి, బైబిళ్ళలో, సొరుగుల్లో దాచుకున్న కాపీలు అడిగేవాళ్ళం. నేను స్కాన్ చేసి, మర్నాడు తిరిగి ఇచ్చేదాన్ని. "మా అత్తని చెత్తలో వేసింది ఈ పిల్లేనా?" అన్నాడొక ముసలాయన, నవ్వుతూనే. కాపీ మాత్రం ఇవ్వలేదు. కొన్ని ఇళ్ళల్లో టీ ఇచ్చారు. కొన్ని ఇళ్ళు అమ్ముడుపోయి కొత్తవాళ్ళు ఉన్నారు. "ఇంకెన్ని శనివారాలు?" అనేవాడు మా ఆయన. తెలియదు. ఫిబ్రవరికి ఒక గోడ సగం నిండింది. మార్చిలోనూ తిరిగాం. ఏప్రిల్‌లోనూ తిరిగాం. కొత్తవి దొరకడం తగ్గింది, తిరగడం తగ్గలేదు.

మదర్ సొంత నాయనమ్మ పుస్తకం మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక శనివారం ఎక్కడికీ వెళ్ళకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, "నేను చెప్తాను, రాసుకో" అన్నారు. పేరు చెప్పారు, పిల్లల పేర్లు వరసగా చెప్పారు, ఏ పాట పాడుకుంటూ బట్టలు కుట్టేదో చెప్పారు. పుట్టిన ఊరి దగ్గర ఆగిపోయారు.

"కాగితంలో ఉంది కదా అని నేను గుర్తుపెట్టుకోలేదు," అన్నారు.

నేను అక్కడ ఒక గీత గీసి, కింది లైనుకి వెళ్ళాను. టైప్ చేసినప్పుడు కూడా ఆ ఖాళీ ఉంచాను. తర్వాత లైబ్రరీలో, వాళ్ళ దూరపు చుట్టాల దగ్గర చాలా అడిగాను. ఆదివారం మేం లోపలికి వెళ్తుంటే ఆవిడ తలుపు దగ్గర ఆగి, "ఊరు దొరికిందా?" అని అడిగేవారు. ఇంకా లేదని ప్రతి వారం నేనే చెప్పేదాన్ని.