జేబులో మూడు ఫ్యూజులు

అట్టపెట్టెలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌ని అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి ఆయన అక్కడ ఒక్కడికే బావ. జిగురు మిషను నడిపే మనిషి ఆయన భార్యకు తమ్ముడు. ఉద్యోగం వేయించింది కూడా బావే. వాడు రోజంతా బావా, బావా అని కేకేస్తుంటే విని విని మిగతావాళ్లకూ నోటికి అదే వచ్చింది. మేనేజరు మాత్రం మర్యాదగా ‘బావగారూ’ అంటాడు.

మిషన్లకు కరెంటు పంచే ప్యానెల్ మెట్ల కింద గదిలో ఉంది. దానికి తోడు చీపుళ్లు, రంగు డబ్బాలు, ఒక విరిగిన కుర్చీ. షాక్ కొట్టకుండా ప్యానెల్ ముందు ఉండాల్సిన రబ్బరు మ్యాటు ఆఫీసు గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి పనికొస్తోంది. బావ అడిగినప్పుడల్లా మేనేజరు తల ఊపేవాడు. మ్యాటు మాత్రం కదిలేది కాదు.

మెయిన్ ఆపితే ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోతుంది. అందుకని ఏ మిషను పాడైతే దాని మూడు పింగాణీ ఫ్యూజులు పీకి పని చేసుకోవడం అక్కడి అలవాటు. పీకినవి జేబులో వేసుకోమని బావకు పని నేర్పిన మేస్త్రీ చెప్పాడు. చెయ్యి వైర్లలో ఉన్నంతసేపూ, ఇంకెవరూ తిరిగి పెట్టెయ్యకుండా, ఫ్యూజులు ఒంటిమీదే ఉండాలి. బావ ఏళ్ల తరబడి అలాగే చేశాడు. కానీ పింగాణీ బరువుకు చొక్కా జేబులు చిరిగేవి.

“రాళ్లు మోసుకు తిరుగుతున్నారా ఏంటి? ఇంకోసారి చిరిగితే సూదీ దారం మీ చేతికే ఇస్తా,” అంది భార్య.

అప్పట్నుంచి ఫ్యూజులు ప్యానెల్ నెత్తిన పెట్టసాగాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో అదే అలవాటైంది.

ఆ రోజు జిగురు మిషను వెనక స్టార్టర్ డబ్బాలో వైరు వదులైంది. బామ్మర్ది టీకి వెళ్లాడు. బావ ఫ్యూజులు పీకి ప్యానెల్ మీద పెట్టి, డబ్బా ముందు గొంతుకూర్చుని టెస్టర్‌తో చూశాడు. వెలగలేదు. స్క్రూడ్రైవర్ పెట్టాడు. ఈలోగా బామ్మర్ది తిరిగొచ్చాడు. మిషను ఆగి ఉంది, తొట్టిలో జిగురు మీగడ కడుతోంది. అది ఎండితే గీకడానికి ఒక పూట పడుతుంది. వాడు మిషను వెనక్కి తొంగి చూడలేదు. మెట్ల కిందికి పరుగెత్తాడు. ఫ్యూజులు ఎవరో మరిచిపోయారనుకుని ఒక్కొక్కటే నొక్కేశాడు.

టప్పుమని శబ్దం, నీలం మంట. స్క్రూడ్రైవర్ కొన కరిగిపోయింది. బావ కుడి అరచెయ్యి, వేళ్లు, కనుబొమలు కాలాయి. శబ్దం వినగానే మెయిన్ దించింది కూడా బామ్మర్దే. ఆ సంగతి తర్వాత ఎవరూ చెప్పుకోలేదు.

పుండ్లు మానాయి గాని పిడికిలి మూసుకోవడం లేదు. అన్నం ఎడమచేత్తో, చెంచాతో. మేనేజరు ఇంటికొచ్చి, “గేటు దగ్గర కూర్చోండి బావగారూ, జీతం అదే,” అన్నాడు.

“గేటు దగ్గర కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు నన్ను చూసి అయ్యో అంటారు. అనిపించుకోవడమే నా డ్యూటీ అవుతుంది. ఒక్క రిపేరు చేసి చూపిస్తా సార్. చేతకాకపోతే గేటుకే పోతా.”

మేనేజరు సరే అన్నాడు.

బామ్మర్ది బావ ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడేవాడు. “మా ఆయన చెయ్యి కాల్చినవాడికి నేను టీ పెట్టను,” అంది అక్క.

“పెట్టు,” అన్నాడు బావ. “ఫ్యూజులు పెట్టింది వాడే. వాటిని వాడి చేతికి అందేచోట ఉంచింది నేను.”

ఆమె లోపలికి వెళ్లింది. జేబుల సంగతి ఇద్దరికీ తెలుసు. కాసేపటికి రెండు కప్పులు తెచ్చింది. తమ్ముడి కప్పు కాస్త గట్టిగానే పెట్టింది. మర్నాడు పాత సంచి గుడ్డ కత్తిరించి చొక్కాకు జేబు కుట్టింది. “ఇటుక వేసుకున్నా చిరగదు,” అంది.

బావ మళ్లీ వెళ్లిన రోజున కటింగ్ మిషను ఆగింది. నలుగురూ మెట్ల దగ్గర చేరారు. ఆయన ఫ్యూజు పట్టుకున్నాడు. వేళ్లు జారాయి. ఎడమచేత్తో లాగాడు, బిగుసుకుపోయి ఉంది. మేనేజరు చూపు తిప్పుకున్నాడు.

“ఒరేయ్, ఇలా రా,” అని బామ్మర్దిని పిలిచాడు బావ.

“నా చేత్తో వద్దు బావా.”

“నీ చేత్తోనే. పెట్టడం వచ్చినవాడికి పీకడం రాదా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. బామ్మర్ది మూడూ పీకి తన జేబులో వేసుకోబోయాడు. బావ సంచి గుడ్డ జేబు తెరిచి పట్టుకున్నాడు. “ఎవడి చెయ్యి లోపల ఉంటుందో వాడి జేబులోనే.”

మిషను దగ్గర మూడు వైర్లూ టెస్టర్‌తో చూశాడు. మళ్లీ చూశాడు. అప్పుడు ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అదివరకు టీ చల్లారేలోపు అయ్యే పని ఎంతకీ తెమల్లేదు. బామ్మర్ది ప్యానెల్‌కు వీపు తిప్పి, మెట్ల కింద గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఇంకా ఎంతసేపయ్యా?” అన్నాడు మేనేజరు.

“నన్నడిగితే ఏం లాభం సార్? బావ జేబునడగండి.”

చివరికి బావ వచ్చి ఫ్యూజులు ఒక్కొక్కటే తీసిచ్చాడు, బామ్మర్ది నొక్కాడు. కటింగ్ మిషను తిరిగింది. మేనేజరు గేటు మాట ఎత్తలేదు. సాయంత్రం ఆఫీసు గుమ్మంలో గోనెసంచి పరిచి ఉంది. మ్యాటు మెట్ల కిందికి చేరింది, అందరి కాళ్ల మట్టితో సహా.