దేవుడు వద్దనని తీపి

మాస్టారు పోయారని టెలిగ్రాం వచ్చినప్పుడు నేను ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. అటెండరు తెచ్చి చేతిలో పెట్టాడు. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేశాను. జవాబు సరిగ్గానే వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు. ఈ రోజుకీ రాలేదు. అందుకే ఇది రాస్తున్నానేమో.

సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీలు వెళ్ళే దారిలో, అడవి అంచున మా ఆశ్రమ పాఠశాల. అక్కడ అందరూ సార్లే. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆయనొక్కరే మాస్టారు. ఆయనది యూదు ధర్మం పాటించే కుటుంబం. అటువైపు అలాంటి ఇళ్ళు కొన్ని ఉన్నాయని ఆయన చెబితేనే నాకు తెలిసింది.

పొలుసు లేని చేప తినేవారు కాదు. కోడికూర తిన్న పూట పెరుగు ముట్టేవారు కాదు. శనివారం వాళ్ళకు పని మానాల్సిన పవిత్ర దినం; బడికి వచ్చేవారు గానీ సుద్దముక్క పట్టేవారు కాదు, ఆ రోజంతా నోటి లెక్కలే. పిల్లలకు శనివారమంటే పండగ. శుక్రవారం పొద్దు వాలకముందే రెండు దీపాలు పెట్టి, ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసం గ్లాసులో పోసుకుని, ప్రార్థన చేసి తాగేవారు. వారంలో మంచి కూర ఆ పూటకే.

"గిన్ని వద్దులుంటే ఇసుగు రాదా మాస్టారూ?" అని ఒకసారి అడిగాను.

"వద్దన్నవి నాలుగే కదయ్యా. మిగతా అడవంతా మనదే" అన్నారు.

నేనప్పటికే అడవంతా వద్దనుకుని ఉన్నాను. నా భార్య కాన్పులో పోయింది. బిడ్డ బతికింది. మా అక్క పాపను కారేపల్లి తీసుకెళ్ళి పెంచుతోంది. నేను ఒంటిపూట తినడం మొదలుపెట్టాను. ఉప్పు మానేశాను, తీపి మానేశాను. మంచం తీసేసి కటిక నేల మీద పడుకున్నాను. రేడియో హాస్టల్ వంటమనిషికి ఇచ్చేశాను. "సారు సన్యాసి లెక్క అయిండు" అని ఊళ్ళో గౌరవంగా చెప్పుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు బాగానే ఉండేది. మొదట్లో నెలకోసారి పాపను చూడ్డానికి వెళ్ళేవాణ్ణి, తర్వాత రెండు నెలలకోసారి, ఆ తర్వాత అదీ మానేశాను. ఎత్తుకుంటే సంతోషం కలిగేది. ఆ సంతోషమే తప్పనిపించేది.

రెండేళ్ళపాటు మాస్టారు నన్నేమీ అనలేదు. వేసవి సెలవుల ముందు ఒక సాయంత్రం, ఆ ఏటి తొలి తునికి పండ్లు ఎవరో పిల్లలు తెచ్చిచ్చారు. ఆయన ఒకటి చేతిలో పట్టుకుని, ఈ రోజుదాకా బతికించి తెచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుని కొరికారు. నాకొకటి చాపారు.

"నేను తియ్యటివి తినను మాస్టారూ."

"ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ అనలే. నేనే."

"దేవుడు వద్దన్నవి చాల్లేదా? నువ్వు కూడా కొన్ని చేర్చావా?"

నాకు ఒళ్ళు మండింది. "మీకేం తెలుస్తది? పోయింది నా ఇంట్ల" అన్నాను.

ఆయన పండు గింజలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. తర్వాత చాలా మామూలుగా చెప్పారు. వయసులో ఉండగా ఆయన కూడా చెప్పినదానికంటే ఎక్కువ భక్తి చేయాలనుకున్నారట. వారానికి రెండు ఉపవాసాలు, నవ్వు తక్కువ, మాట తక్కువ. ఇటు బదిలీ అయి వచ్చాక, పాపికొండల దాకా లాంచీలో వెళ్దామని వాళ్ళావిడ అడిగిందట. నీళ్ళ మీద షికార్లు మనకెందుకన్నారట. మూడేళ్ళు అడిగి, ఆమె అడగడం మానేసింది. తర్వాత జబ్బుచేసి పోయింది.

"రేపు పైన దేవుడి ముందు నిలబడితే చేసిన తప్పులొక్కటే అడగరని మా పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు. తినొచ్చని కళ్ళ ముందు పెట్టినవి తినకుండా ఎందుకొచ్చావని కూడా అడుగుతారంట. నన్ను ఆ లాంచీ గురించే అడుగుతారు. నా దగ్గర జవాబు లేదయ్యా." వేళ్ళకంటిన గుజ్జు తుడుచుకుని, "పాపకి ఎన్నేళ్ళు?" అన్నారు.

"రెండు దాటినయి."

"నీ లాంచీ ఇంకా రేవులోనే ఉంది."

ఆ ఆదివారం ఆయనే నన్ను ఇల్లెందు బస్సెక్కించి, అక్కణ్ణుంచి కారేపల్లి తీసుకెళ్ళారు. అక్క నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంది తమ్మీ, గిట్ల ఎండిపోయినవ్?" అంది. తర్వాత ఆమె కొంగు వెనక దాక్కున్న పాపతో, "ఎవరొచ్చిండ్రో సూడు బిడ్డా, మీ నాయిన" అంది.

పాప మా ఇద్దరినీ చూసింది. తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళి చేతులు చాపింది. ఆయన తన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నేను కాదమ్మా, ఆయన" అన్నారు.

ఎత్తుకున్నాను. అనుకున్నదానికంటే బరువుంది. నా గడ్డం పట్టి లాగింది. ఏదో పొంగుతుందని ఎదురుచూశాను. ఏమీ పొంగలేదు, చెయ్యి నొప్పి పుట్టింది, అంతే.

"ఏడ్వరాదు తమ్మీ, జర తేలికైతది" అంది అక్క.

"రావట్లేదక్కా."

"రాకపోతే పోనీ. ముందు కంచం దగ్గర కూర్చో. ఆకలి తర్వాత వస్తుంది" అన్నారు మాస్టారు.

ఆ పూట ఉప్పు వేసిన పప్పు తిన్నాను. జూన్‌లో పాపను నా క్వార్టర్‌కు తెచ్చుకున్నాను. తనకు కూడికలు నేర్పింది మాస్టారే.

ఆయన సుఖపురుషుడని అనుకోకండి. ఏడాదికొకసారి, వానలు వెనకబట్టిన ఉక్కపోతలో వచ్చే వాళ్ళ ప్రాయశ్చిత్త దినాన, తెల్లబట్టలు కట్టుకుని ఒక రాత్రీ ఒక పగలూ మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. కష్టం కాదా అంటే, "అది నేను కనిపెట్టింది కాదు కాబట్టి తేలిక" అనేవారు. రిటైరైన నాటి విందులో మూడో లడ్డూ వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "తినొచ్చన్నారు గదా అని కక్కుకునేదాకా తింటామా?" అన్నారు.

ఆయన ఊరెళ్ళిపోయే ముందు నేనూ పాపా లాంచీ టిక్కెట్లు తీసుకుని ఆయన్ని పిలిచాం. రానన్నారు. ఆమె లేకుండా ఎక్కలేనన్నారు. ఆ ఒక్క విషయంలో ఆయన తన మాట తానే వినలేదు. నేనూ రెండోసారి అడగలేదు. అడగాల్సింది.

టెలిగ్రాం అందాక పాపను తీసుకుని ఆయన ఊరు వెళ్ళాను. అప్పటికే మట్టి చేసేశారు. ఆయన కొడుకు, వాళ్ళ ఆచారం ప్రకారం దుఃఖానికి గుర్తుగా చింపుకున్న చొక్కాతో, వట్టికాళ్ళతో నేల మీద కూర్చుని ఉన్నాడు. పొరుగువాళ్ళు ఉడికించిన గుడ్లు తెచ్చి అందరికీ పెట్టారు. తిన్నాను. రుచి తెలియలేదు. పోయినవారి కోసం ఏడు రోజులు అలా నేల మీదే కూర్చోవాలట. వాళ్ళతోపాటే ఉండిపోయాను.

ఏడో రోజు పొద్దున ఒక పెద్దాయన వచ్చి, "ఇక లేవండి నాయనా. ఇంతకంటే కూర్చోకూడదు" అన్నాడు. కొడుకు లేచాడు. చెప్పులు వేసుకోవడానికి కాళ్ళతో కాసేపు తడుముకున్నాడు. ఒకసారి వీధి చుట్టి రావాలట. బయట దారి పొడవునా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. వాటిని తొక్కకుండా అంచు వెంట, నడక కొత్తగా నేర్చినవాడిలా మెల్లగా వెళ్ళాడు. నా కూతురు అతని వెనకే నడిచింది. నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. మిరప ఘాటుకు కళ్ళు మండాయి. తుడుచుకున్నాను. చేతికి తడి తగల్లేదు. ఎర్రటి దారి చివర వాళ్ళిద్దరూ మలుపు తిరిగారు.